ఎర్రగుడ్డ లేని రోజు

ప్రియమైన నా పిడుగుకి,

అమ్మ చెబుతుంటే పక్కింటి టైలరమ్మ రాస్తున్న ఉత్తరం ఇది. చెప్పింది చెప్పినట్టు రాయాలి, మధ్యలో తన తెలివి కలపకూడదు అని ముందే ఒట్టు వేయించుకున్నాను. కాబట్టి ఇందులో తిట్లుంటే అవి నావే.

నీ ఉత్తరం అందింది. టైలరమ్మ చదువుతుంటే నేను ఆవిడ జాకెట్లకు గుండీలు కుడుతున్నాను. ‘నాన్న ఆఖరిసారి బాగుచేస్తూ పోయిన ఆ వాల్వుల రేడియో బాబాయి రేడియో రిపేరు కొట్టు అటక మీద దొరికింది, ఇంటికి తెచ్చుకున్నాను, విప్పి మళ్లీ పాడిస్తాను’ అన్న చోట సూది నా బొటనవేల్లో దిగింది. ఎర్రటి చుక్క ఎవరిదో జాకెట్టు మీద పడింది. టైలరమ్మ ఇంకా చదువుతూనే ఉంది.

విప్పొద్దు. ముందు ఆ మాట విను, మిగతావి తరవాత.

ఆ పెట్టె మీ నాన్నను తిన్నది. ముప్పై ఎనిమిదేళ్ల కింద, పట్టపగలు, నువ్వు బడిలో ఎక్కాలు అప్పజెబుతున్న పూట. దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి పడేయమని మీ బాబాయికి నేనే చెప్పాను. ‘పడేశాను వదినా’ అన్నాడు. అంటే ఇన్నేళ్లూ నా కళ్లలోకి చూస్తూ అబద్ధమాడాడన్నమాట. ఆయన నాకు కనబడాలి, అప్పుడు చెబుతాను.

నీకు పని రాదని నేననడం లేదు. ఎన్నో రేడియోలకు ప్రాణం పోశావు, మ్యూజియం వాళ్లు నిన్ను మేడమ్ అంటారు, అంతా తెలుసు. మీ నాన్నకూ పని వచ్చు. ఊళ్లో ఆయనంత పనివాడు లేడు. అయినా ఏమైంది? లోపల కరెంటు ఎక్కడ దాక్కుంటుందో దానికే తెలియాలి.

పని చేసే చోట స్విచ్‌బోర్డుకి ఎర్రగుడ్డ కడుతున్నావా లేదా? ముందు దానికి జవాబు రాయి. ఫోను చెయ్యకు. ఫోనులో నువ్వు నవ్వి పెట్టేస్తావు, కాగితమైతే పదిసార్లు కళ్లబడుతుంది.

ఇట్లు,
నిన్ను కన్నది
(వేలిముద్ర. రక్తం కాదు, సిరాయే. — టైలరమ్మ)


ప్రియమైన అమ్మకు,

టైలరమ్మగారికి నా నమస్కారాలు. ఆ జాకెట్టు సంగతి నేను చూసుకుంటానని చెప్పు.

కడుతున్నాను అమ్మా. ఎర్రగుడ్డ కట్టకుండా నేనెప్పుడూ పనికి కూర్చోలేదు. నీకు చదువు రాదని నాన్న పెట్టిన గుర్తు అది. సెట్టులో తన చెయ్యి ఉన్నంతసేపూ స్విచ్‌బోర్డుకి ఎర్రగుడ్డ వేలాడుతుంది, అది ఉంటే ఇంట్లో ఎవరూ ప్లగ్గు ముట్టకూడదు. నేను ఒకసారి ముట్టబోతే నువ్వు వీపు పగలగొట్టావు. మీ అల్లుడికి కూడా అదే నేర్పాను, ఇంట్లో కరెంటు పోయినా ముందు గుడ్డ కోసమే చూస్తాడు.

సెట్టు వెనక గదిలో బల్ల మీద ఉంది. చెక్క ఒక మూల పగిలింది. స్పీకరు ముందున్న గుడ్డను ఎలుకలు కొరికాయి. స్టేషన్లు చూపించే గాజుపలక మాత్రం చెక్కుచెదరలేదు, తుడిస్తే అంకెలన్నీ బయటపడ్డాయి. వెనక అట్ట ఇంకా తీయలేదు. దాని ముందు కూర్చుంటున్నాను, లేచి వచ్చేస్తున్నాను. నాకూ భయమే. నేను ఎప్పుడూ ఎడమచెయ్యి నడుము వెనక పెట్టుకుని ఒక్క చేత్తోనే పని చేస్తాను. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది. ఈ సెట్టు ముందు కూర్చుంటే ఆ కుడిచెయ్యి కూడా మాట వినడం లేదు.

మరి ఎందుకు విప్పడమంటావా? బాబాయి సెట్టు అప్పగిస్తూ అన్నాడు: ‘అంత పనివాడు, ఆ ఒక్క రోజు ప్లగ్గు తీయకుండా చెయ్యి పెట్టాడమ్మా.’ పని నేర్చుకునే ప్రతి కొత్తవాడికీ ఆయన మొదటి రోజు చెప్పే పాఠం అదేనట. నాన్న పేరు ఇప్పుడు కొట్లో అజాగ్రత్తకు ఇంకో పేరు. నేను చిన్నప్పటినుంచీ వింటున్నాను, ఇక వినలేను. లోపల ఏముందో ఒక్కసారి నా కళ్లతో చూడాలి.

ఒకటి అడుగుతాను, తిట్టకు. నీ భయం మామూలుగా లేదు. నీకు తెలిసి నాకు తెలియనిది ఏమైనా ఉందా?

నీ
పిడుగు


ప్రియమైన పిడుగుకి,

వద్దన్నాను కదా.

టైలరమ్మ కళ్లజోడు తుడుచుకునేదాకా కూడా ఆగలేకపోయాను, ‘కనబడకపోయినా రాయి’ అన్నాను. నీ ఉత్తరం విన్నప్పటినుంచీ పోస్టు మనిషి సైకిలు మన గేటు దగ్గర నెమ్మదించినా భయమే, నెమ్మదించకపోయినా భయమే. ఈవిడ కుట్టు మిషను మోటారు గుర్రుమంటే లేచి నిలబడుతున్నాను. ముప్పై ఎనిమిదేళ్లుగా నేను ఏ ఇంట్లోనూ స్విచ్చు ముట్టలేదు, నీకు తెలుసు. దీపం వెలిగించమని పక్కవాళ్లను పిలుస్తాను. అల్లుడు దానికి నవ్వుతాడు. నవ్వనీ.

నువ్వు అడిగినదానికి జవాబు ఉంది. కానీ అది టైలరమ్మ చేత రాయించేది కాదు. (ఆవిడ ముఖం మాడ్చుకుంది. మాడ్చుకోనీ, ఇది కూడా రాయి అన్నాను, రాసింది.)

నేను చెప్పేదాకా అట్ట తీయకు. నా మీద ఒట్టు.

నీ అమ్మ
(వేలిముద్ర)


ప్రియమైన నా బిడ్డకు,

నువ్వు ఉన్నావో లేవో తెలియకుండా ఈ ఉత్తరం రాయిస్తున్నాను.

పద్దెనిమిది రోజులైంది. నీ దగ్గర్నుంచి ముక్క లేదు. వద్దన్న ఫోను నేనే మీ ఇంటికి చేయించాను, మోగి మోగి ఊరుకుంది. మళ్లీ చేయించాను. నువ్వు బల్ల వెనక పడి ఉన్నట్టు, ఫోను నీ తల మీద మోగుతున్నట్టు నాకు కళ్లు తెరిచే కనబడుతున్నది.

రాస్తున్నది కోర్టు గేటు పక్కన అర్జీలు రాసే ఆయన. నన్ను ఎరగనివాడైతే మేలని వచ్చాను. ‘గౌరవనీయులైన’ అని మొదలెట్టాడు, కొట్టేయమన్నాను. ‘వాది ఎవరమ్మా, ప్రతివాది ఎవరు?’ అన్నాడు. రెండూ నేనే అన్నాను. అప్పుడు కలం పక్కన పెట్టి నాకు మంచినీళ్లిచ్చాడు.

విను. ఆ రోజు పొద్దున ఎర్రగుడ్డ జిడ్డు పట్టి కంపు కొడుతుందని నేను ఉతికేశాను. దండెం మీద ఆరేశాను. మీ నాన్నకు చెప్పలేదు. చెప్పడానికి మాటల్లేవు మా మధ్య, మూడు రోజులుగా నా రేడియో విప్పి కూర్చున్నాడని పోట్లాడి ఉన్నాను.

పదకొండింటికి పాటలొచ్చే వేళ గదిలోకి పోయాను. కుర్చీ ఖాళీగా ఉంది. టీ తాగడానికి వెళ్లాడనుకున్నాను. బోర్డు వైపు చూశాను, గుడ్డ లేదు, పని అయిపోయిందనుకున్నాను. గుడ్డ నా దండెం మీద ఉన్నదన్న సంగతి నాకు తట్టలేదు బిడ్డా. ఇప్పటికీ అర్థం కాదు, ఎందుకు తట్టలేదో. ప్లగ్గు నేల మీద పడి ఉంది. తీసి గుచ్చాను. బోర్డు స్విచ్చు వేశాను, రేడియో మీట తిప్పాను. వెలగలేదు. మళ్లీ తిప్పాను. ‘మూడు రోజులు కూర్చుని చేసిన నిర్వాకం ఇదా’ అని పైకే అన్నాను. దాని నెత్తిన ఒకటి కొట్టాను కూడా.

అప్పుడు బల్ల వెనక చెప్పు కనబడింది. చెప్పులో కాలుంది.

మనిషి గోడకు ఒరిగి ఉన్నాడు, కుడిచెయ్యి ఇంకా పెట్టె వెనక అంచు మీదే ఉంది. నేను ప్లగ్గు పీకాను. ఆ తరవాత అరిచాను. ముందు పీకి, తరవాత అరిచాను, అది గుర్తుపెట్టుకో. మీ బాబాయి పరిగెత్తుకొచ్చి ‘ప్లగ్గు ఉందా వదినా?’ అన్నాడు. ‘ఉంది, నేనే పీకాను’ అన్నాను. అది అబద్ధం కాదు. పెట్టింది ఎవరని ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. అజాగ్రత్త అన్నారు. నేను తలదించుకుని విన్నాను. ఆయన పేరు నేలపాలవుతుంటే నా నోరు మూసుకుని, ఊళ్లో వాళ్ల మీదంతా అరుస్తూ బతికాను.

ఆ రోజు ఆయన ఒంటి మీది చొక్కా నా చీరల పెట్టె అడుగున ఉంది. ఉతకలేదు, ముట్టలేదు. ఉతికినదానికి ఫలితం చూశాను కదా.

నిన్ను విప్పొద్దన్నది నీ ప్రాణం కోసమే. కానీ అంతా అదే కాదు. విప్పితే నీలాంటి పనిమంతురాలికి లోపల నేను కనబడతానని భయం. ఇప్పుడు ఆ భయం కూడా లేదు. నువ్వు బతికి ఉండి నన్ను తిడితే చాలు.

(వేలిముద్ర)
నేను చదివి వినిపించాక, సరేనని వేసింది. — రాసినవాడు


ప్రియమైన అమ్మకు,

ఉన్నాను. నిక్షేపంగా ఉన్నాను. పక్క ఊళ్లో మ్యూజియం వాళ్ల సెట్లు చూడటానికి నేనూ మీ అల్లుడూ వెళ్లాం, రెండు వారాలు పడుతుందని రాసిన కార్డు తీరా వచ్చి చూస్తే నా సంచిలోనే ఉంది. ఈ ఒక్క తప్పుకు నువ్వేం శిక్ష వేసినా పడతాను.

నీ ఉత్తరం గుమ్మంలో నిలబడే చదివాను. ఆ వెంటనే ఎర్రగుడ్డ కట్టి అట్ట విప్పాను. నువ్వు చెప్పేదాకా ఆగమన్నావు, చెప్పేశావు కదా.

చూసింది రాస్తాను. సెట్టు వెనక, కరెంటు లోపలికి పోయే దారిలో ఫ్యూజు ఉంటుంది. అది లేకపోతే ప్లగ్గు పెట్టినా, మీట తిప్పినా, కరెంటు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఈ సెట్టులో ఫ్యూజు పెట్టే గూడు ఖాళీగా ఉంది. కాలిపోలేదు, విరగలేదు. ఎవరో మెల్లగా తీసినట్టు ఉంది. ప్లగ్గు నేల మీద ఉందన్నావు. రేడియో వెలగలేదన్నావు. వెలగదు అమ్మా.

ఇంకొకటి. కరెంటు తీసేశాక కూడా పెద్ద కండెన్సర్లో, అంటే కరెంటును పట్టి ఉంచే డబ్బాలో, మనిషిని పడగొట్టేంత నిలవ ఉంటుంది. దాన్ని మెల్లగా దించేయడానికి పక్కనే చిన్న రెసిస్టరు ఉంటుంది. పైకి కొత్తదానిలా ఉంది, మీటరు పెట్టి చూస్తే లోపల తెగిపోయింది. కంటికి కనబడే తెగులు కాదు, నాన్నకే కాదు, నాకూ కనబడేది కాదు. ఆయన ప్లగ్గు తీశాడు, ఫ్యూజు తీశాడు, గుడ్డ కోసం చూసి ఉంటాడు, దొరక్కపోతే నీకు వినబడేలా పిలవడానికి పౌరుషం అడ్డొచ్చి ఉంటుంది. చెయ్యి పెట్టాడు. లోపల నిలవున్నది కొట్టింది. నువ్వు గదిలోకి వచ్చేసరికే అంతా అయిపోయింది.

నన్ను నమ్మకు. తల్లిని ఊరుకోబెట్టడానికి కూతురు ఎన్నైనా అల్లుతుంది, నువ్వు అదే అంటావు. ఫ్యూజు ఆ అటక మీద ఎవరైనా తీసి ఉండొచ్చు కూడా. అందుకే అడుగుతున్నాను. నాన్న దాన్ని తీస్తే చొక్కా జేబులోనే వేసుకునేవాడు, చిన్నప్పుడు నేను చూశాను. నీ చీరల పెట్టె తీసి, జేబులో ఏముందో చెప్పు. అది ఎలా ఉంటుందో నేను రాయను. నువ్వే రాయించు.

అది లేకపోతే ఏం చేయాలో నాకు తెలియదు.

నీ పిడుగు


ప్రియమైన పిడుగుకి,

మళ్లీ టైలరమ్మే రాస్తున్నది. అంతా చెప్పేశాను ఆవిడకు. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ‘అర్జీలవాడి దగ్గరికి పోతావా నన్ను కాదని’ అని రెండు రోజులు మాట్లాడలేదు.

నీ ఉత్తరం విన్నాక నాలుగు రోజులు పెట్టె తీయలేదు. దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాను. జేబు ఖాళీ అయితే? ముప్పై ఎనిమిదేళ్లు మోసినదాన్ని మళ్లీ ఎత్తుకునే బలం నాకు లేదు. ఐదో రోజు టైలరమ్మ కూర్చుని ‘నువ్వు తీస్తావా, నన్ను తీయమంటావా’ అంది. ఆవిడ ముట్టేదేమిటి, నేనే తీశాను.

జేబులో దువ్వెన ఉంది. పెన్సిలు ముక్క ఉంది. నువ్వు బడిలో గెలిచిన రిబ్బను ముక్క ఉంది. అడుగున గాజు గొట్టం ఒకటి తగిలింది. అగ్గిపుల్లలో సగం ఉంటుంది, రెండు వైపులా వెండిలాంటి టోపీలు. వెలుతురుకు పెడితే లోపల వెంట్రుకంత తీగ. తెగలేదు. ఫ్యూజంటే గోడ మీది పింగాణీ ముక్కే అనుకున్నాను నేను. ఇదేనా? ఇదే అయి ఉండాలి. టైలరమ్మ కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని చూసింది. సాక్షి సంతకం కింద పెడుతుంది.

నా చీరల కింద పడుకుని ఉంది ఇన్నాళ్లూ. రోజూ ఆ పెట్టె మీదే కూర్చుని జుట్టు దువ్వుకున్నాను.

తేలికైందా అని అడగకు. కాళ్ల కింద నేల కొత్తగా ఉంది, ఎలా నడవాలో తెలియడం లేదు. గురువారం పొద్దుటి బండికి వస్తున్నాను. ముందు నన్ను బాబాయి కొట్టుకు తీసుకెళ్లు. ఆయనకు నేను చెప్పాల్సింది ఒకటి, ఆయన నోటి నుంచి నేను వినాల్సింది ఒకటి ఉన్నాయి. పని నేర్చుకునేవాళ్లందరినీ నిలబెట్టి నేనే చెప్పాలి, ప్లగ్గు పెట్టింది మీ నాన్న పెళ్లాం అని. మీ నాన్న ప్లగ్గూ ఫ్యూజూ రెండూ తీసే చెయ్యి పెట్టాడని. సిగ్గు నాది, పని ఆయనది.

ఆ తెగిపోయినదాన్ని మార్చు. ఫ్యూజు గూడు మాత్రం నేను వచ్చేదాకా ఖాళీగా ఉంచు. ఇది పోస్టులో పంపను, నా కొంగున కట్టుకుని తెస్తాను. దండెం మీంచి ఆ రోజు తీసిన గుడ్డ కూడా తెస్తున్నాను. కట్టేది నేను, విప్పేది నేను. ప్లగ్గు నేనే పెడతాను. చెయ్యి వణుకుతుంది, తెలుసు. నువ్వు నా మణికట్టు పట్టుకోవద్దు, పక్కన నిలబడితే చాలు.

అది వెలిగితే, ఆ రోజు దాని నెత్తిన కొట్టి నేనన్న మాట మీ నాన్నకు వినబడేలా వెనక్కి తీసుకోవాలి.

నీ అమ్మ
(వేలిముద్ర)
సాక్షి: గాజు గొట్టం నేనూ చూశాను. తీగ తెగలేదు. — టైలరమ్మ