వైరు ఒలిచే పన్ను

బావా,

మా అవ్వకు జెరమని కబురొస్తే రామకృష్ణాపూర్ పోతున్న. అన్నం మెత్తగ వండి పెట్టిన. పప్పు కలుపుకొని కుడిదిక్కే నములు.

నాలుగు గంటలకు పండ్ల డాక్టరు దగ్గరికి పో. నీ కట్టుడుపండ్ల బ్రిడ్జి కొత్తది కట్టాల్నా, పాతదే అతికియ్యాల్నా ఇయ్యాల చెప్తనన్నడు. బ్రిడ్జి మంచిగనే ఉన్నదట, దాన్ని మోసే పక్క పన్నే పగిలిందట. ఏం కొరుకుతవని మొన్న ఆయన అడిగితే బొక్కలని చెప్పినవు. మనింట్ల యాటకూర వండి నెల దాటింది. నేను పక్కనే ఉండి విన్న. ఇయ్యాలన్న నిజం చెప్పు, బొగ్గుబాయిల పేల్చే తూటాల వైర్లు పండ్లతోని ఒలుస్తనని. చెప్పకుంటే ఏది కట్టినా దండుగే.

అడిగితే తూటాలు పేల్చే షాట్‌ఫైరర్లందరు గట్లనే చేస్తరంటవు. పన్ను పోతే డాక్టరున్నడు. ఆ తూటా నోటికాడ పేలితే నాకెవరున్నరు?

లిడియా

ఇంకోటి. వైర్లకని క్రిస్మసుకు నేను కొనిచ్చిన చాకు నీ పెట్టెల దొరికింది. ఎనిమిది నెలలాయె, చుట్టిన కాయితం గూడ విప్పలేదు. నేనే విప్పి, రేపటి డ్యూటీ అంగి జేబుల పెట్టిన.