ఉప్పునీళ్ళ మీద చామ్ వాసన

మార్చి 3
అన్న వస్తున్నాడు. పన్నెండేళ్ళయింది చూసి. పట్నంలో కూతురి దగ్గర ఉంటున్నాడు. షుగరొచ్చి రెండు కళ్ళూ పోయాయి. ఫోన్‌లో ఒకటే మాట, ఇంట్లో పుట్టిన వరసతో నన్ను పిలుస్తూ: "ఏడోవాడా, మన అడవి వాసన ఒక్కసారి పీల్చుకుంటాన్రా."

ఎక్కడుంది అడవి? నాన్న వదిలిన చిత్తడి అడవిలో ఘాటు వాసనేసే చామ్ చెట్లన్నీ నేనే కొట్టించి, ఉప్పునీళ్ళు పెట్టి రొయ్యల చెరువు చేశాను. అన్నకి చెప్పలేదు.

మార్చి 4
చెప్పను.

మార్చి 6
ప్లాన్ రెడీ. సర్కారు అడవి అంచు నుంచి రెండు మోపుల చామ్ కొమ్మలు తెచ్చాను, పూలతో సహా. ఓ బిందెడు ఎర్రనీళ్ళు కూడా. చామ్ ఆకులు రాలి నాని, చిక్కటి టీలా ఉండే మా చిన్నప్పటి నీళ్ళు. తేనెటీగలు వచ్చి పట్టు పెట్టడానికి అడవిలో ఏటవాలుగా నిలబెట్టే వాసం ఒకటి చెక్కి, నాన్న గుర్తు మూడు కత్తిగాట్లు పెట్టాను. నీటికోడి కూత నేను కూస్తాను. మా ఆవిడ డియెప్ తెడ్డుతో నీళ్ళ మీద కొట్టాలి, కొర్రమీను ఎగిరినట్టు. యాభై దాటినా కోతివేషాలు పోలేదు నీకు అని తిట్టింది. తిట్టి, తెడ్డు తీసి పెట్టుకుంది.

చిన్నప్పుడు నాన్న మా కళ్ళకి గళ్ళ తువ్వాలు కట్టి పడవలో తిప్పేవాడు. ఎక్కడున్నారో చెప్పండ్రా అనేవాడు. నేను తువ్వాలు సందులోంచి చూసి చెప్పేవాణ్ణి. అన్న ముక్కుతో, చెవులతో చెప్పేవాడు. ఎప్పుడూ అన్నే గెలిచేవాడు.

మార్చి 8, ఉదయం 6
అన్న రాత్రే దిగాడు. పడవలో బయలుదేరుతున్నాం. ఇన్ని వేషాలేశాను గానీ ఇలాంటిది ఎప్పుడూ వెయ్యలేదు.

మార్చి 8, మధ్యాహ్నం
చెరువులోనే మూడు చుట్లు తిప్పాను. చామ్ ఆకు నలిపి ముక్కు దగ్గర పెడితే అన్న కళ్ళు మూసుకున్నాడు. గుడ్డివాడు కళ్ళు మూసుకోవడం అప్పుడే చూశాను. నేను కూశాను. డియెప్ తెడ్డు దబ్బున కొట్టింది. "అబ్బో, పెద్ద చేపేరా" అన్నాడు అన్న. నేను తెచ్చిన పచ్చి కలువకాడ కరకర నమిలాడు. ఎర్రనీళ్ళు దోసిట్లో పోస్తే తాగి, "అదే వగరు" అన్నాడు. వాసం మీద గాట్లు తడిమాడు. చాలాసేపు తడిమాడు. చెయ్యి నీళ్ళలోకి జార్చి, తడిచేత్తో మొహం తుడుచుకున్నాడు. పెదాలకి ఉప్పు తగులుతుందేమోనని భయపడ్డాను. మళ్ళీ గాట్ల మీదికే చెయ్యి పోనిచ్చాడు.

గెలిచాను అనుకున్నాను. అన్నం సయించలేదు.

మార్చి 9
పొద్దున్నే అన్న నా కాఫీ తనే కలిపి ఇచ్చాడు. నోట్లో పోసుకుంటే ఉప్పు. చెరువు నీళ్ళు.

అన్న చేతిలో గళ్ళ తువ్వాలు.

"పడవ తియ్యరా ఏడోవాడా. ఇవాళ నీ కళ్ళకి కడతా. నాన్న వాసం ఎక్కడుండేదో నేను చూపిస్తా."