కుందుర్పి క్యాసెట్టు

గుత్తి,
ఆదివారం పొద్దున.

ప్రియమైన తమ్ముడు గిరికి మీ అక్క జయంతి దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా. మోకాలు ఒక్కటి తప్ప మీ బావ కూడా కులాసా. హుబ్బళ్ళిలో నువ్వు, మల్లీశ్వరి ఆరోగ్యంగా ఉన్నారని, రిటైరైనాక నువ్వు ఆమె వంటింటి పెత్తనంలో వేలు పెట్టడం లేదని తలుస్తాను.

నీ ఉత్తరం గురువారం అందింది. ఈ కాలంలో ఉత్తరాలేమిటని పోస్టుమ్యాన్ నవ్వాడు. నవ్వనీ. ఫోన్లో మీ పాత బ్యాండు మాట ఎత్తితే చాలు, "అక్కా, కుక్కరు కూస్తాంది, మళ్ళ చేస్తా" అని పెట్టేస్తావు. మీ ఇంట్లో కుక్కరు నా ఫోను కోసమే కాచుకుని ఉన్నట్టుంది. కాగితం దగ్గర నీ ఆటలు సాగవు. చివరిదాకా చదువు. మధ్యలో మడిచి పక్కన పెడితే నా మీద ఒట్టు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వాన పడింది. ఆలస్యంగానే అయినా నేల తడిసేలా పడింది. మన చేలో శనక్కాయ ఊడలు దిగాయి. ఇంతకంటే ఎక్కువ పొగిడితే మబ్బు మళ్ళీ మొండికేస్తుందని భయంగా ఉంది, అందుకని ఆపుతున్నాను. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు అలాగే ఉంది. గోడలకు కొత్తగా నీలం రంగు వేశారు. నువ్వు గంతులేసి విరగ్గొట్టిన స్టేజీ చెక్క మాత్రం ఇంకా మార్చలేదు.

"ఈ అభిమానులంతా ఇన్నాళ్ళకు యాడ నుంచి వచ్చినారు?" అని అడిగావు. అనంతపురంలో పద్మప్రియ అని కాలేజీ లెక్చరరు ఉంది. వాళ్ళ నాయన బీరువాలో మీ బ్యాండు ప్రోగ్రాముల క్యాసెట్లు మూడు దొరికితే, వాటి బూజు దులిపి యూట్యూబులో పెట్టింది. గుత్తిది ఒకటి, గుంతకల్లుది ఒకటి, ధర్మవరంది ఒకటి. దాంతో పాత పిచ్చివాళ్ళంతా ఒక్కొక్కరే బయటపడ్డారు. 'బొగ్గుబండి అభిమానులు' అని వాట్సాప్ గ్రూపు కట్టారు, వచ్చే నెల ఆ ఇన్‌స్టిట్యూట్ హాల్లోనే మీటింగు పెట్టుకున్నారు. మూడు వందల నలభై మంది ఉన్నారురా! మీరు బ్యాండుకు బొగ్గుబండి అని పేరు పెట్టిన రోజున, లోకోషెడ్డు నుంచి వచ్చిన మీ నలుగురి వాలకం చూసి నాయన "మొగాలకు తగిన పేరే" అన్నాడు గుర్తుందా? ఇప్పుడు ఆ పేరు బనియన్ల మీద అచ్చేసుకుని తిరుగుతున్నారు.

ఆ గ్రూపులో రెండు పార్టీలు. ఒకటి గిరి పార్టీ, ఒకటి నీ తర్వాత గిటారు పట్టిన ఓబులేసు పార్టీ. మీ పార్టీకి పెద్ద తిప్పేష్ గారు, రిటైర్డ్ స్టేషన్ మాస్టరు. "గిరి పోయిన రోజే బండి ఆగిపోయినాది, తర్వాత నడిచినది ఉత్త ట్రాలీ" అని ఆయన పొద్దున్నే రాస్తాడు. "ఓబులేసు వచ్చినాకనే బండి జిల్లా దాటినాది. గిరి ఉన్నప్పుడు యాడికి పోయినారప్పా, కుందుర్పికి తప్ప?" అని అవతలివాళ్ళు అందుకుంటారు. పోయిన నెల ఒక పెళ్ళిలో ఇద్దరు పెద్దమనుషులు ఈ విషయం మీద మాటలు పెంచుకుని, ఒకే బంతిలో కూర్చోబోమని విడివిడిగా భోంచేశారు. ఒకాయన వయసు అరవై ఎనిమిది.

ఆ క్యాసెట్లను వాళ్ళు వినే తీరు చూస్తే నువ్వు నవ్వి చస్తావు. గుత్తి క్యాసెట్టులో నీ గిటారు మధ్యలో రైలు కూత వినిపిస్తుంది. అది పాసింజరుదా, గూడ్సుదా అని నాలుగు రోజులు కొట్టుకున్నారు. పాసింజరైతే ప్రోగ్రాము సాయంత్రం ఐదింటికి జరిగినట్టట, గూడ్సైతే తేదీయే తప్పట. చివరికి తిప్పేష్ గారు తీర్పిచ్చారు: "నేను ముప్పై ఏండ్లు పచ్చజెండా ఊపినా. అది గూడ్సు." ధర్మవరం క్యాసెట్టులోనైతే పక్కింటి మగ్గం చప్పుడు పడింది. మీ డ్రమ్ముకంటే ఆ మగ్గమే తాళం తప్పకుండా పోతోందని ఒక నేతాయన రాశాడు. ఆయన్ను గ్రూపులోంచి తీసేసి, మళ్ళీ బతిమాలి చేర్చుకున్నారు.

ఓబులేసు ఆ గ్రూపులో ఉన్నాడా అని అడిగావు. ఉన్నాడు. ఒకే ఒక్కసారి రాశాడు. "అన్నలారా, నేను ఐదేండ్లు గిరన్న మాదిరి వాయించల్లని చూసినా. రాలే. అందుకే నా మాదిరి వాయించినా."

ఇక అసలు గొడవంతా ఇన్నేళ్ళుగా దొరకని కుందుర్పి ప్రోగ్రాము క్యాసెట్టు గురించే. నువ్వు సొంతంగా కట్టిన మబ్బు పాట మొట్టమొదట పాడింది, ఆఖరున పాడింది ఆ ఊళ్ళోనే. అందుకే వాళ్ళకు అది నిధి లాంటిది. మీ డ్రమ్ము సుంకప్ప దాన్ని బళ్ళారిలో ఏదో క్యాసెట్ల కొట్టువాడికి ఇచ్చేశాడని మీ పార్టీ అంటుంది. ఆ రోజు తాను బాగా వాయించలేదని గిరే పగలగొట్టాడని వాళ్ళ పార్టీ అంటుంది. నువ్వేమో, "వచ్చే నెల మీటింగులో ఆ క్యాసెట్టు తానే ఎత్తుకుపోయినానని సుంకప్ప నలుగురి ముందర ఒప్పుకోవల్ల. లేకుంటే నేను గుత్తి స్టేషన్లో కూడా దిగను" అని రాశావు. ఆ కిందనే చిన్న అక్షరాలతో, "ఆ పాట నాకే మతికి లేదక్కా, పల్లవి తప్ప" అని రాశావు. ఆ చిన్న అక్షరాలు చదివాక నాకు రెండు పూటలు అన్నం సయించలేదు.

ఎందుకో చెబుతాను. ముందు పోయిన మంగళవారం జరిగింది విను.

పద్మప్రియ మధ్యాహ్నం మన ఇంటికి వచ్చింది. పాత ఫోటోలు ఏమైనా ఉన్నాయేమో అడగడానికి వచ్చింది, వెంట చిన్న టేపురికార్డరు తెచ్చింది. దాన్ని చూడగానే మీ బావకు ఎక్కడలేని హుషారు వచ్చింది. మోకాలు సంగతి మరిచిపోయి అటక మీద నుంచి కువైట్ ట్రంకుపెట్టె దింపించాడు. అందులో ఉన్నవి ఆయన అక్కడ కొనుక్కున్న పాటల క్యాసెట్లని నేను ఇన్నేళ్ళూ అనుకుంటున్నాను. తీరా చూస్తే అన్నీ నేను పంపినవే. ఆయన అక్కడ డ్రైవరుగా ఉన్న రోజుల్లో నాయన క్వార్టర్సులో కూర్చుని నేను మాట్లాడి పంపిన ఉత్తరాలు, పదకొండు.

"మీరు వీటి మీదనే జవాబు రికార్డు చేసి పంపినారని కదా నేను అనుకునింది!" అన్నాను.

"నీ గొంతు మీద నా గొంతు ఎట్ల పెడతానే? కొత్తవి కొని పంపినా" అన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో మీ బావ నాతో అన్న మంచి మాటలు రెండో మూడో ఉంటాయి, అందులో ఇది ఒకటి. నాకు సంతోషించడానికి వ్యవధి దొరకలేదు. ఈలోగా ఆయన అందులో ఒకటి తీసి, "ఇది మా రూములో ప్రతి శుక్రవారం వేసుకుంటాంటిమి" అంటూ పద్మప్రియ చేతికిచ్చాడు. దాని మీద పేరేమీ రాసి లేదు. చూడగానే నేను గుర్తుపట్టాను, ఆపేలోపే ఆమె దాన్ని టేపురికార్డరులో వేసేసింది.

మొదట నా గొంతు వచ్చింది. "ఏమండీ, బాగుండారా? ఈడ అందరం బాగుండాము" అని. సిగ్గేసి టేపును ముందుకు తిప్పమన్నాను. ఇరవై నిమిషాల మాటలు దాటించి వేస్తే టక్కుమని నా గొంతు ఆగింది. ఆ వెంటనే నీ గిటారు మొదలైంది, వెనక సుంకప్ప డ్రమ్ము, జనం ఈలలు. పద్మప్రియ కుర్చీలోంచి లేచి, "ఆంటీ, ఇది కుందుర్పి!" అని కేక పెట్టింది.

అవును గిరీ, అది కుందుర్పే. ఆ క్యాసెట్టును సుంకప్ప ఎత్తుకుపోలేదు, నువ్వు పగలగొట్టలేదు. నీ పాటను చెరిపింది నేను.

కుందుర్పి నుంచి వచ్చిన మూడో రోజు అది. మన వీధి నరసింహులు మధ్యాహ్నం బండికి బొంబాయి పోయి, అక్కడినుంచి కువైట్ పోతున్నాడు. మీ బావకు క్యాసెట్టు ఇచ్చి పంపుతానని ఆయనకు చెప్పి ఉంచాను. తీరా మాట్లాడదామని కూర్చుంటే నా ఖాళీ క్యాసెట్టు టేపంతా మిషన్లో చుట్టుకుని నలిగిపోయింది. రేడియో పక్కన పేరు లేని క్యాసెట్టు ఒకటి కనిపించింది. ఖాళీదనుకుని వేశాను, మాట్లాడాను, నరసింహులు చేతికిచ్చాను. సాయంత్రం నువ్వు డ్యూటీ నుంచి వచ్చి, "అక్కా, సుంకప్ప నాకు వినమని ఇచ్చిన క్యాసెట్టు యాడుండాది?" అని అడిగినప్పుడుగానీ నాకు తెలియలేదు.

అప్పుడే చెప్పి ఉంటే నువ్వు రెండు రోజులు అలిగేవాడివి. నాకు నోరు రాలేదు. "సుంకప్ప వచ్చి తీసుకుపోయినాడు" అన్నాను. నువ్వు చొక్కా కూడా మార్చకుండా అతని ఇంటికి పోయావు. తీసుకోలేదని అతను, తీసుకున్నావని నువ్వు. కాలర్లు పట్టుకునేదాకా వచ్చింది. నెల తిరక్కుండా ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని హుబ్బళ్ళి పోయావు, మళ్ళీ గిటారు ముట్టలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ముప్పై తొమ్మిదేళ్ళు గడిపాను. మీ బావ తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్ళే లేరు. నాకు అదే మేలనిపించింది. సిగ్గులేని అక్కనని నువ్వు అనుకో, తప్పు లేదు.

శుక్రవారం పొద్దున సుంకప్ప ఇంటికి పోయాను. అతను అరుగు మీద శనక్కాయలు ఒలుచుకుంటున్నాడు, పక్కన మారెక్క చాటలో చెరుగుతోంది. కూర్చోమన్నారు. కూర్చుంటే మళ్ళీ నోరు రాదని నిలబడే అంతా చెప్పేశాను. సుంకప్ప చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"అయ్యో జయంతక్కా, ఇన్నేండ్లు ఎట్ల కడుపులో పెట్టుకుంటివి?" అంది మారెక్క.

సుంకప్ప ఆ కాయను కింద పెట్టాడు. తర్వాత, "ఈ ఊర్లో సగం మంది నన్ను దొంగ అనుకున్నారక్కా. అది తుడిచేసుకున్నా. మా పాప పెండ్లికి పత్రిక పంపితే వాడు వెనక్కి పంపినాడు సూడు, అది తుడుచుకోలేకపోయినా" అన్నాడు. నేను ఏడ్చాను. అతను నన్ను ఏడవనిచ్చాడు. వద్దులే అనలేదు. అంతవరకు నాకు దక్కాల్సిందే.

ఆ తర్వాత కాయలు పక్కకు నెట్టి ఏమడిగాడో తెలుసా? "అది సరేక్కా, నా డ్రమ్ము ఎట్ల వినిపిస్తాండాది?"

కుందుర్పి నుంచి లారీలో వస్తూ నువ్వు అతన్ని తిట్టావట, మధ్యలో తాళం పరుగెత్తించి నీ గిటారును చెడగొట్టాడని. అది నిజమో కాదో తేల్చుకునే దారి లేక ఇన్నేళ్ళూ నలిగాడట. పద్మప్రియ నా ఫోన్లోకి ఎక్కించిన రికార్డు వేసి ఇచ్చాను. చెవికి ఆనించుకుని రెండుసార్లు విన్నాడు. రెండోసారికి చాట బోర్లించి దాని మీద వేళ్ళు ఆడించాడు. "సూడక్కా, సూడు! నేను పరుగెత్తలే. వాడే పరుగెత్తినాడు! వాడి ఎనకంబడి నేను ఉరికినా!" అని నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కళ్ళలో నీళ్ళు మాత్రం దగ్గు వల్ల వచ్చినవి కావు.

నేను ఫోను తీసుకోబోతే, "ఉండుక్కా, ముందర నీ మాటలు కూడా ఇనిపీ" అన్నాడు. సిగ్గుపడుతూనే వేశాను. అందులో నేను ఏం మాట్లాడానో నాకే గుర్తు లేదు గిరీ. మేక ఈనింది అన్నాను, నాయన దగ్గు అన్నాను. ఆ తర్వాత వినిపించింది: "మన గిరిగాడు కుందుర్పిలో సొంతంగా పాట కట్టి పాడినాడండీ. వానల్లేక మూడేండ్లాయె గదా, ఆడోళ్ళంతా కొంగులు నోట్లో పెట్టుకుని ఏడ్సినారు. మీరు ఇనలేకపోతిరే అని నాకు ఒకటే దిగులు. ఉండండి, నేను పాడతా."

పాడానురా. నీ పాట మీద కూర్చుని నీ పాటే పాడాను. "మబ్బా మబ్బా, మా ఊరి దోవ మరిసినావా" అని మొదలుపెట్టి, ఏదో డబ్బా మీద వేళ్ళతో దరువేసుకుంటూ, రెండు చరణాలూ ఒక్క మాట పోకుండా పాడాను. మూడు రోజుల క్రితం విన్న పాట, అప్పటికి నోట్లోనే ఉంది. సుంకప్ప నా వైపు చూసి, "వాని పాట యాడికీ పోలే గదక్కా" అన్నాడు.

పద్మప్రియకు, మీ బావకు, సుంకప్ప ఇంటివాళ్ళకు తప్ప ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. నీకంటే ముందు ఆ మూడు వందల నలభై మందికి తెలియడం నాకు ఇష్టం లేక, నీ జవాబు వచ్చేదాకా ఆగమన్నాను. నా పాటను తీసేయకుండా మొదటి పాటగా పెట్టాలని పద్మప్రియ పట్టుబట్టింది. దానికి నువ్వు ఒప్పుకోవాలి. ఒక్క విషయం మాత్రం నీ ఒప్పుదలతో పని లేకుండా చేస్తాను. వచ్చే నెల రెండో ఆదివారం మధ్యాహ్నం, ఆ హాల్లో మైకు పట్టుకుని, సుంకప్ప దొంగ కాడని, అబద్ధం చెప్పింది నేనని అందరి ముందూ చెబుతాను. నువ్వు ఉన్నా చెబుతాను, లేకున్నా చెబుతాను. ఉంటే బాగుంటుంది.

సుంకప్ప పాత డ్రమ్ములకు కొత్త తోలు వేయించడానికి పూనుకున్నాడు. ఓబులేసు తన గిటారు నీకిస్తానని, నువ్వు పాడేటప్పుడు తాను పక్కన నిలబడితే చాలని కబురు పంపాడు. చరణాలు ఈ ఉత్తరంలో రాద్దామని మొదట కాగితం తీశాను. తర్వాత మనసు మార్చుకుని రాయడం లేదు. కావాలంటే వచ్చి నా నోటితోనే నేర్చుకో. నన్ను తిట్టాల్సిన తిట్లు చాలా ఉంటాయి, తెలుసు. ఉత్తరంలో తిడితే నాకు సరిపోవు, ఫోన్లో తిడితే మీ కుక్కరు కూస్తుంది. ఇంటికొచ్చి, అన్నం తిని, ఎదురుగా కూర్చుని తిట్టు. సుంకప్ప కూడా వస్తానన్నాడు, నీ పక్కన కూర్చుని తన వంతు తిట్టడానికి.

ఇట్లు,
నీ పాట చెరిపిన నోటితోనే దాన్ని దాచిపెట్టిన
మీ అక్క,
జయంతి.