దర్జీ కొట్టు దగ్గర రైలు మలుపు

దర్జీ గారికి నమస్కారం.
మన లోకల్ రైలు మార్గం చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. లైనంతా తిన్నగా వెళ్తుంది గానీ మీ కొట్టు దగ్గర మాత్రం వంగి, చుట్టూ తిరిగి మళ్ళీ దారిలో పడుతుంది. ఎందుకో చెప్పగలరా?
ఇట్లు,
రైలు ఆఫీసు గుమాస్తా
తా.క. కొట్టు కొలతలు తీయడానికి మనిషిని పంపిస్తాను.

అయ్యా, దండాలు.
మలుపెక్కడుంది? పొద్దస్తమానం సుద్దముక్కతో గీతలు గీసేవాణ్ణి, తిన్నదనం నాకు తెలియదా? మీ పటమే మడతపడి ఉంటుంది, ఇస్త్రీ చేయించండి. కొలతలకు ఎవరినీ పంపకండి.
మీ విధేయుడు,
దర్జీ
తా.క. మా ఆవిడ అప్పుడే మిషన్లు మూటగడుతోంది. ఈ కొట్టు పోతే మేం వీధిన పడతాం.

దర్జీ గారికి,
మీ మాట మా పెద్దసారుకు తెగ నచ్చింది. మలుపే లేనప్పుడు అక్కడ రైలు నెమ్మదించడం దేనికన్నారు. సోమవారం నుంచి రైళ్ళన్నీ పూర్తి వేగంతోనే.
ఉంటాను,
గుమాస్తా
తా.క. మీ ఆవిడగారు ఊరెళ్తున్నారా?

బాబ్బాబు,
మలుపుంది. ఒట్టేసి చెబుతున్నా, డ్రైవరు చెయ్యి చాపితే మా హ్యాంగరు అందేంత మలుపు. ఎందుకొచ్చిందో మా తాతకే తెలుసు, ఆయన లేరు. వేగం ఆపండి, కొట్టు కూల్చకండి.
మీ కాళ్ళు పట్టుకుంటూ,
దర్జీ
తా.క. మీ ప్యాంట్లు ఎన్నున్నా ఊరికే కుడతాను.

దర్జీ గారూ,
కూలుస్తామని ఎవరన్నారండీ? కొలతలడిగింది పుస్తకంలో పటం వేయడానికి. వేగం సంగతి కూడా పెద్దసారు చేత రద్దు చేయించాను. హాయిగా ఉండండి.
కారణమూ తెలిసింది. లైను వేసిన ఇంజనీరుగారి మనవరాలు నిన్న వచ్చి చెప్పారు. ఆయన తన పెళ్ళికోటు మీ తాతగారికి కుట్టడానికిచ్చారట. లైనుకు అడ్డంగా ఉన్న కొట్టు కూల్పించడానికి వెళ్ళినప్పుడల్లా మీ తాతగారు, "రేపు రండి బాబూ, గుండీలే మిగిలాయి" అనేవారట. కోటు చేతికి రాకుండా కొట్టెలా కూలుస్తారు? పట్టాలు వంచుకుని ముందుకెళ్ళిపోయారు. పెళ్ళి మాత్రం చొక్కాతోనే అయిందట.
మీ శ్రేయోభిలాషి,
గుమాస్తా
తా.క. ఆ మనవరాలు ఇవాళ మళ్ళీ వచ్చి నా ఎదురుగానే కూర్చున్నారు. కోటు అయిందా అని అడుగుతున్నారు.

గుమాస్తా గారికి వెయ్యి దండాలు.
బతికించారు. ఇన్నాళ్ళకు కంటినిండా నిద్రపోయాం. మా ఆవిడ మూటలు విప్పేసి, మీ ఉత్తరం వీధంతా చదివి వినిపిస్తోంది.
మీ వాడు,
దర్జీ
తా.క. కోటు పై అరలో భద్రంగా ఉంది. చేతులు కూడా పెట్టాలి. ఆవిణ్ణి రేపు రమ్మనండి.