పోశవ్వ బావి

ఆగస్టు 11, 2025. ఉదయం 11.20

జరిగినది జరిగిన వరుసలోనే రాస్తున్నాను. భయంతో కాదు, సంతోషంతో.

1. పోశవ్వ వ్యవసాయ బావి మీది మోటరు తిరుగుతోంది గాని నీళ్లు ఎత్తడం లేదని మోటరు మెకానిక్‌నైన నాకు పిలుపు వచ్చింది. వెళ్లాను.
2. దోషం మోటరులో లేదు. నీటి అడుగున, పైపు చివర ఉండే ఫుట్‌వాల్వులో చెత్త ఇరుక్కుంది.
3. మునిగి తీసే మనిషికి ఫోన్ చేస్తూ నాచు పట్టిన మెట్టు మీద అడుగు వేశాను. జారాను.
4. నాకు ఈత రాదు.
5. డెబ్బై ఏళ్ల పోశవ్వ కొంగు నడుముకు బిగించి దూకింది. జుట్టు పట్టి నన్ను ఒడ్డుకు లాగింది.
6. మళ్లీ మునిగి, ఆ చెత్తను కూడా తీసుకొచ్చింది.

నేను నీళ్లు కక్కుతుంటే, ఇరువై ఏండ్ల సంది బాయిల పొంటి తిరుగుతున్నవ్, ఈత రాదా, లారీ తోలెటోడు రోడ్డును జూసి భయపడ్డట్టున్నది నీ కత, అని ఒకటే నవ్వింది. రేపు పొద్దుగాల రా, నేర్పుత, అన్నది.

బతికి ఉన్నాను!

— బొల్లం సంపత్ కుమార్

ఆగస్టు 11. రాత్రి 8.30

నా భార్య వినోదకు ఎవరో ముందే చెప్పారు. అన్నం వడ్డించింది. తర్వాత, ఇగ బాయిల పని బంద్ అన్నది. కరీంనగర్‌ల మా అన్న ఎలక్ట్రికల్ షాపుల కౌంటర్ మీద కూసుందువు, నెల జీతం, పాణానికి ఫికర్ లేదు. కాదంటవా, నెలాఖరుకల్లా ఈత నేర్సుకో, అన్నది.

పదో తరగతి తప్పిన నేను పాడైన మోటర్లు విప్పి, మాన్యువల్ పక్కన పెట్టుకుని ఈ పనిని నాకు నేనే నేర్పుకున్నాను. ఇతరులు బాగుచేయబోయే మోటర్లకు వైర్లు కొలిచి ఇస్తూ కూర్చోలేను. నేర్చుకుంటాను.

— బొల్లం సంపత్ కుమార్

ఆగస్టు 12. ఉదయం 7.50

యూట్యూబ్‌లో వీడియోలు చూసి, చేతుల కదలికలను వరుస సంఖ్యలతో కాగితం మీద రాసుకుని వెళ్లాను. పోశవ్వ దాన్ని తీసుకుని ఒడ్డున రాయి కింద పెట్టింది. గీ కాయిదానికి ఈతొస్తె అదే ఈదుతది, నువ్వు దిగు, అన్నది. నీళ్లలో తేలేందుకు నా వీపుకు రెండు ఎండు సొరకాయలు కట్టింది. నీళ్లను పట్టుకోకు కొడుకా, ఇడిసిపెడితెనే అవి నిన్ను మోస్తయి, అన్నది.

— సంపత్ కుమార్

ఆగస్టు 13. ఉదయం

తేలాను అని రాయాలని ఉంది. తేలినవి సొరకాయలు.

ఆగస్టు 17

ఇన్నేళ్ల బతుకులో నేర్చుకున్నవి చెప్పు అవ్వా, రాసుకుంటాను అని అడిగాను. కనీసం పది వస్తాయని ఆశ. పది యాడియి బిడ్డా, ఉన్నయన్ని గీ బాయిలనే నేర్సుకున్న, అన్నది.

నలభై ఏళ్ల వయసులో, భర్త మస్కట్‌లో ఉండగా, ఇదే వాల్వులో చెత్త ఇరుక్కుని పొలం పగుళ్లు బారసాగిందట. ఊళ్లో మగవాళ్లను బతిమాలితే అందరూ రేపొస్తమన్నారట. చివరికి సొరకాయలు కట్టుకుని ఈత నేర్చుకుని, తానే మునిగి తీసిందట. అడుగుడు తప్పు గాదు, అడిగినంక సేతులు ముడుసుకోని కూసునుడు తప్పు, అన్నది.

అయితే నీకూ గురువు లేడన్నమాట, నాలాగే సొంతంగా నేర్చుకున్నావు, అని ఉత్సాహంగా అన్నాను. ఎవలు జెప్పిన్రు నీకు, అని కసిరింది. మా అత్త ఒడ్డున కూసోని తిట్టుకుంట నేర్పింది; ఒక్కదాన్నే నేర్సుకున్న అంటె నలుగురు మెచ్చుకుంటరు గని, మునిగేటప్పుడు జుట్టు వట్టెటోల్లుండాలె, అన్నది.

పాడైన మోటర్లను నాకు ఊరికే ఇచ్చినవారు, మాన్యువల్ అడిగితే బస్సులో పంపినవారు, ఇంటికి వెళ్లే దారంతా ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. ఎంతమంది!

— సంపత్

ఆగస్టు 22

పోశవ్వ నా వీపు మీది ఒక సొరకాయ విప్పింది. ఇది ఉన్నన్ని దినాలు నీకు ఈత రాదు, లేకుంటె నువ్వే ఉండవు, రెండూ నిజమే, ఏది ఎప్పుడో సూసుకునుడే బతుకుడు, అన్నది. ఈ మాటకు ఏ సంఖ్య వేయాలో తెలియలేదు. అలాగే వదిలేశాను.

ఆగస్టు 26

ఈదాను! సొరకాయలు లేవు! ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వెళ్లాను, తిరిగి వస్తున్నాను. సరిగ్గా అప్పుడు బావి అంచున వినోద కనిపించింది. వస్తానని చెప్పలేదు. నా చేతులు ఆగిపోయాయి. మునిగాను.

నీళ్లు మింగి పైకొచ్చి మళ్లీ మునుగుతుంటే వినోద అరుపు వినిపించింది: దుంకవేందవ్వా, పోతుండు! పోశవ్వ కూర్చున్న చోటు నుంచి కదలలేదు. ఆగు బిడ్డా, వస్తడు, అన్నది.

పట్టుకోవడం మానేశాను. నీళ్లు మోశాయి. వచ్చాను.

బండి మీద ఇంటి దాకా వినోద నా చొక్కా వదలలేదు. గుమ్మం దగ్గర, అన్నకు ఇంకో మనిషిని సూసుకొమ్మని ఫోన్ జేస్త, అన్నది.

ఆగస్టు 30

రామచంద్రం అనే రైతు బావి, ఫుట్‌వాల్వులో మళ్లీ చెత్త. నేనే దిగాను. అడుగున చలి, చీకటి, చెవుల్లో నా గుండె. చెత్త చేతికి వచ్చింది. అక్కడ ఎంత హాయిగా ఉందంటే, పైకి రావాలన్న సంగతి కాసేపటికి గానీ గుర్తు రాలేదు.