కంపెనీ రహస్యానికి జరీ అంచు

బెంగళూరు, జూలై 2001

అక్తరున్నీసా ఖాలాకు నీ అక్క కూతురు నుస్రత్ సలాములు.

"ఆ ఇంజనీరింగు ఉద్యోగంలో రోజంతా ఏం చేస్తావే?" అని అడిగావుగా. గళ్లు గీస్తాను! డిజిటల్ కెమెరా కంటికి వెలుతురే గానీ రంగు తెలియదు. అందుకని దాని మీద వెంట్రుకకంటే సన్నగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్లు పరుస్తాం. మనిషి చూపుకి పచ్చలోనే వివరం బాగా అందుతుంది కాబట్టి పచ్చ గళ్లు ఎక్కువ. ఏ గడిలో ఏ రంగన్నదే నా బుర్ర తినే పని. నా కొత్త అమరికను గ్రాఫు కాగితం మీద స్కెచ్ పెన్నులతో వేసి పంపుతున్నా. పేటెంటుకి వెళ్లేదాకా ఇది కంపెనీ రహస్యం. పొక్కిందా, నా ఉద్యోగం ఊడినట్టే.

నీ గళ్ల పిల్ల, నుస్రత్

తా.క.: చూశాక చింపెయ్యి. బీరువాలో దాస్తావు, నీ సంగతి నాకు తెలుసు.

విజయవాడ

బంగారం లాంటి నుస్రతుకు ఖాలా దువాలు.

చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత చదువు చదివి చివరికి మన చీరల వ్యాపారానికే వచ్చావన్నమాట! కెమెరా గొడవ అర్థం కాలేదు, గళ్లు అర్థమయ్యాయి. రహస్యమని నువ్వు నాకు చెప్పాలా? కొత్త డిజైను మగ్గం దిగేదాకా పక్క కొట్టువాడి కంట పడనిస్తామా? మంగళగిరిలో మన శివపార్వతి చేత తలుపులేసి నేయిస్తున్నా.

ఖాలా

తా.క.: చింపెయ్యమన్నావు. చింపితే ఆవిడ దేన్ని చూసి నేస్తుంది?

బెంగళూరు

ఖాలా! సలాం తర్వాత, ముందు మగ్గం ఆపించు!

అది చీర కాదు. మీ కొట్టు ఫోను ఎప్పుడు చేసినా డెడ్డే. మా మేనేజరు జీవరత్నం గారి అత్తవారిది ఉయ్యూరు. ఆయన పండక్కో పబ్బానికో వచ్చినప్పుడు నా గళ్లు నడుచుకుంటూ ఎదురొస్తే నా గతేం కాను?

వణుకుతూ, నుస్రత్

తా.క.: ఎంతవరకు నేసింది? వద్దులే, చెప్పకు.

విజయవాడ

పిచ్చి నుస్రతుకు దువాలు.

నీ ఉత్తరం వచ్చేసరికే సరుకంతా అయిపోయింది! ఉయ్యూరు నుంచి సువార్తమ్మ గారని, చర్చిలో పాటలు పాడే ఆడవాళ్లందరికీ ఒకే రకం కావాలంటూ మొత్తం పట్టుకెళ్లారు. పేపర్లో ఫోటో కూడా పడింది, కత్తిరించి పెడుతున్నా.

గర్వంతో, ఖాలా

తా.క.: ఆవిడ అల్లుడు జీవరత్నమట, బెంగళూరులో కెమెరాల కంపెనీలోనేనట. నీకు తెలుసేమో కనుక్కో.

బెంగళూరు

ఖాలాకు ఆఖరి సలాం.

ఫోటో చూశా. నా రహస్యం జరీ అంచుతో, వరసగా నిలబడి, నోరు తెరిచి పాడుతోంది. ఇంక దాచి లాభం లేదు. జీవరత్నం గారు సెలవులో ఉన్నారు. సోమవారం రాగానే నేనే ఒప్పేసుకుంటా.

నుస్రత్

తా.క.: కొట్లో సేల్స్ గర్ల్ ఉద్యోగం ఎవరికీ ఇవ్వకు.

విజయవాడ, కొరియరులో

నుస్రతూ, నోరు మూసుకో, దువాలు!

ఏం ఒప్పుకుంటావే? గడికో రంగు నేయాలంటే ఒళ్లు హూనమవుతుందని శివపార్వతి మొరాయించింది. పైగా ఆ పచ్చంతా చూస్తే గోంగూర మడిలా ఉంది, ఎవరు కడతారు? అందుకే నీ రంగులన్నీ తీసేయించి, వంకాయ రంగు మీద గంధం గళ్లు వేయించా. నీ బొమ్మలోది ఒక్క గడీ లేదు. నలుపు తెలుపు ఫోటో చూసి గుండెలు బాదుకున్నావు, రంగుల ఇంజనీరమ్మా!

ఖాలా

తా.క.: నిన్న జీవరత్నం గారు కొట్టుకొచ్చి వాళ్లావిడకీ ఒకటి కొన్నారు. "ఆఫీసులో గళ్లు చూసి చూసి కళ్లు పోతున్నాయండీ, ఇవి చూస్తే ప్రాణం లేచొచ్చింది" అన్నారు.