రెండో వైపు

గురువారం, రాత్రి

చిల్కానగర్ బావ ఇవాళ కొత్త కత్తి పట్టుకొచ్చాడు. డబ్బా మీద 'నిపుణుల చేతి పదును' అని రాసుంది. నిపుణులట! టమాట కోస్తే కత్తి పక్కకు జారిపోతోంది. ముక్క ఒక వైపు మందం, ఇంకో వైపు కాగితం. అయినా దాని మీద ఈగ వాలనివ్వడు.

"కంపెనీ ధార బామ్మర్దీ, రాయి మీద వెట్టకు, ఖరాబైతది" అన్నాడు.

"ధార ఏడుంది బావా? జర సూడు" అని అంచుకు రెండు వైపులా మార్కర్ పూసి రాయి మీద రుద్దాను. ఎడమ వైపు సిరా మొత్తం పోయింది. కుడి వైపు అంచు మీద అలాగే ఉంది, అంటే అటు సాన అంచుదాకా పట్టనే లేదు. గంటసేపు కుడి వైపే రుద్దితే గాని రెండూ సమానం కాలేదు.

"ఎవడో పని రాని వెధవ. ఒక దిక్కు బుద్ధిగ పట్టిండు, రెండో దిక్కు వదిలేసిండు. వీనికి సాన మిషన్ ఇచ్చినోన్ని అనాలె" అని బావ ముందు మస్తు తిట్టాను.

కత్తి కడుగుతుంటే పిడి దగ్గర ఏటవాలు గీత కనిపించింది. బొటనవేలు దెబ్బతిన్నప్పటి నుంచి, మిషన్ మీంచి ఎత్తేటప్పుడు నా ప్రతి కత్తికీ పడే గీత. నాచారం షెడ్డులో మేం సాన పట్టే కత్తులకు పేరుండదు, ఏ డబ్బాలోకి పోతాయో మాకు తెలియదు. లోడు వెళ్లే రోజు "రెండో దిక్కు ఒక్క రాపు సాలు" అంటాడు సూపర్‌వైజర్. నేనూ సరే అంటాను.

"నీ చెయ్యి వడ్డంకనే ఇది కత్తి లెక్కయింది" అంటూ బావ సంబరంగా వెళ్లిపోయాడు.

మొదటిసారి పడింది కూడా నా చెయ్యేనని చెప్పలేదు.